తొందర లేని మూట

పుస్తకాలు కుట్టే కొట్లోకి ఒక పెద్దాయన వచ్చి, బల్ల మీద గుడ్డమూట ఒకటి పెట్టాడు.

"పాత పుస్తకం బాబూ. కుట్లు ఊడిపోయాయి. విప్పి చూడు. బాగుచెయ్యదగ్గదే అనిపిస్తే చెయ్యి. లేదంటే ఏమీ అనుకోను, తీసుకెళ్ళిపోతాను."

బైండరు పీకల్లోతు పనిలో ఉన్నాడు. కాలేజీ పుస్తకాలు ఒక పక్క, ఆఫీసు దస్తరాలు ఒక పక్క. మోచేతుల దాకా జిగురు.

"ఎప్పటికి కావాలండీ?"

"నాకేం తొందర లేదు."

ఆ ఒక్క మాట అనకుండా ఉండవలసింది. తొందర లేదన్నవాడి పని ఏ కొట్లోనైనా కింది అరకే పోతుంది. ఈ మూటా అక్కడికే పోయింది. బైండరు చీటీ రాసిచ్చాడు.

పెద్దాయన గుమ్మం దగ్గర ఆగాడు. వీధి దుమ్మంతా గాలికి లోపలికే వస్తోంది.

"తలుపు వేసుకోవచ్చుగా?"

"వెయ్యనండీ. మా అన్న వచ్చేసరికి తలుపు మూసి ఉండకూడదని మా నాన్న పోతూ పోతూ చెప్పాడు."

నాన్న చెయ్యి చేసుకున్నాడన్న కోపంతో అన్న ఇల్లు విడిచి యాభై ఏళ్ళయింది. అప్పుడు అన్నకి పదిహేను, బైండరుకి ఐదు. మొహం గుర్తులేదు. అన్న భుజాల మీద కూర్చుంటే చేతికందిన చెట్టు ఆకులు మాత్రం గుర్తున్నాయి. అతని మనసులో అన్న ఇంకా పదిహేనేళ్ళవాడే.

రోజూ తెల్లవారగానే మోకరించి ఒకటే ప్రార్థన. "ప్రభువా, మా అన్నని పంపించు."

"ఈపాటికి దేవుడికి కంఠతా వచ్చేసి ఉంటుంది," అని భార్య నవ్వేది. నవ్వి, తనూ పక్కనే మోకరించేది.

"ఎంతకాలమని చూస్తావు బాబూ?" అన్నాడు పెద్దాయన.

"వచ్చేదాకా."

పెద్దాయన మంచినీళ్ళు అడిగి, నిదానంగా తాగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ప్రతి గురువారం వచ్చాడు. కిటికీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చునేవాడు. ఏటవాలు ఎండలో కాగితం నూగు మెల్లగా తేలుతుంటే, కళ్ళు సగం మూసుకుని దారం లాగే చప్పుడు వినేవాడు. ఆయన ఉన్నంతసేపూ గోడ మీది గడియారం కూడా ఆగి ఆగి నడుస్తున్నట్టుండేది. బైండరుకి అది హాయిగా ఉండేది. ఎందుకో తెలిసేది కాదు.

"విప్పావా బాబూ?"

"వచ్చేవారం ఖాయమండీ."

"సరేలే. దాని వేళ రావాలిగా."

ఒక గురువారం బైండరు సూది పట్టలేదు. అన్నని పక్క ఊళ్ళో చూశామని ఎవరో చెబితే రాసిన ఉత్తరం, అలాంటివాళ్ళు లేరని తిరిగొచ్చింది.

"ఇంక అడగనండీ దేవుణ్ణి. యాభై ఏళ్ళు చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది."

పెద్దాయన పీట దగ్గరికి జరుపుకున్నాడు.

"అలా అనకు బాబూ. ఆయన పంపించే ఉంటాడు. వచ్చేవాడికే కాళ్ళు ఆడటం లేదేమో. సిగ్గుపడేవాడికి గడప కూడా గోడంత ఎత్తుంటుంది."

బైండరు కళ్ళు తుడుచుకున్నాడు. మర్నాడు తెల్లవారగానే మళ్ళీ మోకరించాడు.

ఇంకో గురువారం పెద్దాయన కాగితంలో చుట్టి కేకుముక్క తెచ్చాడు.

"ఏంటండీ విశేషం?"

"ఊరికే. తినరా..." అని నాలిక కరుచుకుని, "తిను బాబూ" అన్నాడు.

అన్నం క్యారేజీ తెచ్చిన భార్య నవ్వింది. "మీ పుట్టినరోజనుకున్నారేమో!"

"నా పుట్టినరోజు నాకే తెలీదు. బడిలో వేసేటప్పుడు మాస్టారు తోచిన తేదీ రాసేశారు."

పెద్దాయన కింది అర వైపు చూశాడు. ఏదో అనబోయి, చేతికంటిన క్రీము తుడుచుకున్నాడు.

"ఈ వారం విప్పుతావా?"

"ఒట్టండీ."

ఒట్టు జిగురు కన్నా త్వరగా ఎండిపోయింది. పరీక్షల కాలం, పని మీద పని.

తర్వాత మూడు గురువారాలు పీట ఖాళీగానే ఉంది. నాలుగో గురువారం ఆసుపత్రి నుంచి ఒక నర్సు వచ్చి చీటీ చూపించింది.

"ఇది మీ కొట్టుదేనా? ఈయన మొన్న పోయారండీ."

బైండరు చేతిలో సూది బల్ల మీద పడింది.

"ఎవరికైనా కబురు చెయ్యాలా అని రోజూ అడిగాను. 'వద్దమ్మా, మూట విప్పితే తనే వస్తాడు, కాస్త ఆగు' అనేవారు. ఏం మూటో నాకు తెలీదు. చివరిదాకా గది తలుపు మాత్రం వెయ్యనివ్వలేదు."

బైండరు కింది అర ముందు కూలబడ్డాడు. ముడి ఎంతకీ రాలేదు. చివరికి దారం కోసే కత్తితో తెంచాడు.

లోపల అట్ట ఊడిన పరిశుద్ధ గ్రంథం. మొదటి పేజీ నిండా ఇంటి సంగతులు, నాన్న చేతిరాతలో. కొట్లో అరల మీద నాన్న అంటించిన చీటీల్లో ఇంకా చెరగని అక్షరాలే అవి. నాన్న పెళ్ళి. పెద్దకొడుకు పుట్టుక.

దాని కింద, కేకు తిన్న రోజు తేదీ, నెల వేసి, పదేళ్ళ పిల్లవాడి వంకర అక్షరాల్లో ఒక్క ముక్క రాసి ఉంది: "ఈ రోజు నాకు తమ్ముడు పుట్టాడు."