ఎర్ర మైనం

లైప్‌జిగ్ బ్యారక్ నుంచి ఒక్కపూట సెలవు మీద వచ్చిన మా ఆయన హెన్నింగ్, పోలీసు కోటు విప్పి నాకిచ్చారు. దాని చేతిమీద ఎర్ర మైనం మరక.

"సోమవారం కొవ్వొత్తుల ఊరేగింపును చెదరగొట్టాం. కొత్త డాళ్లు, హెల్మెట్లు ఇచ్చారులే. హెల్మెట్ ముందుండే అద్దంలోంచి ఎదురుగా ఎవరున్నారో ఆనదు," అని స్నానానికి వెళ్లారు.

మరక మీద కాగితం పరిచి ఇస్త్రీపెట్టె పెట్టాను. దాల్చినచెక్క వాసన వచ్చింది. కొవ్వొత్తులు పోసేటప్పుడు దాల్చినచెక్క వేసేది మా అమ్మే.

అమ్మ పక్కగదిలో విరిగిన చేతికి కట్టుతో పడుకుని ఉంది. మెట్ల మీద జారానని చెప్పింది.

కోటు తీసుకెళ్లి చూపించాను. "నువ్వని ఆయనకి తెలీదమ్మా. అద్దం మసక."

అమ్మ మరక తడిమింది.

"ముందు 'అత్తయ్యా, ఇంటికెళ్లిపోండి' అన్నాడు తల్లీ. నేను కదలకపోతే కొట్టాడు."