పోజివ్వని చేప

రుషికొండ దగ్గర సముద్రంలోకి మనిషికో కెమెరాతో దిగడం మొదలయ్యాక, చేపలకు ఫొటోలు బాగా అలవాటైపోయాయి. పత్రికకు ఫొటోలు తీసే నూకరత్నం నీళ్లలోకి దిగిందంటే చాలు, రంగురంగుల చేపలన్నీ పెళ్లివారిలా పొట్టివి ముందు, పొడుగువి వెనక వరుస కట్టేవి.

"పోజివ్వని చేప ఒక్కటి కావాలి. అదీ తేలేకపోతే ఈ ఉద్యోగం మీకెందుకు?" అన్నాడు పత్రిక సంపాదకుడు కామేశం.

మూడు రోజులు రాళ్ల చాటున నక్కినా లాభం లేకపోయింది. నాలుగో రోజు కామేశమే పడవలో వెంట వచ్చాడు. నూకరత్నం విసుగెత్తి, కెమెరాను తాడుకు కట్టి పైకి పంపేసి, అడుగున చతికిలబడింది. కాసేపటికి వరుస చెదిరింది. చిలకచేప పగడాన్ని కరకర కొరికింది. రెండు పసుపు చేపలు ఒకే కన్నం కోసం కొట్టుకున్నాయి. ఒక బుల్లి చేప తీరిగ్గా ఆవులించింది.

పైకి రాగానే కామేశం మండిపడ్డాడు. "కెమెరా ఇక్కడుంటే అక్కడ మీరేం చేస్తున్నారు?"

"ఉజ్జోగం పోతే పోనీండి సార్. ఆవులించే చేపని సూసినాను," అంటూ ఆమె నోరు తెరిచి చూపించింది.

కామేశం పడవ అంచు మీంచి నీళ్లలోకి తొంగి చూశాడు. తర్వాత మెల్లగా బూట్లు విప్పాడు.

"నన్నూ దింపండి. ఈత రాదు, గట్టిగా పట్టుకోవాలి."