పడేసిన సైకిలు

"నాన్నా, సైకిలు మళ్లీ పడింది!"

మేడమెట్ల కింద గోడకు ఆనించిన సైకిలు పక్కకు ఒరిగి పడుంది. కుడివైపు సంచి కొక్కెం నుంచి ఊడి, మడతపెట్టిన బట్టలన్నీ నేల మీద దొర్లుతున్నాయి.

నాన్న పళ్లు తోముకుంటూనే దిగి వచ్చాడు.

"సంచి కట్టడం రాదు గానీ, కొండ దాటి సముద్రం దాకా పోతుందట!"

"గట్టిగానే కట్టాను నాన్నా."

"మొన్న గుడారం ఊడింది. నిన్న నూనె సీసా మూత ఊడి అగ్గిపెట్టెలు తడిశాయి. ఇవాళ ఇది. ఇంట్లో గోడ పక్కన నిలబడలేని సైకిలు కొండెక్కుతుందా? ఇంకోసారి పడిందో, ప్రయాణం మాట మరిచిపో."

కూతురు వంగి బట్టలు ఏరుకుంది. ఆఫీసులో కాళ్లావేళ్లా పడి సంపాదించిన సెలవు. వానలు మొదలైతే కొండదారి మూసేస్తారు. ఈసారి పోకపోతే ఇక పోయినట్టే.

మళ్లీ మొదటి నుంచి సర్దింది. బరువైనవి అడుగున, తేలికవి పైన. కొక్కేనికి తోడు బెల్టు బిగించింది. నూనె సీసా గుడ్డ చుట్టుకుని బయటి జేబులోకి, అగ్గిపెట్టెలు డబ్బాలోకి మారాయి. ఎందుకైనా మంచిదని చక్రం కింద ఇటుక కూడా పెట్టింది.

కింది వాటా తలుపు తెరుచుకుంది. కొత్తగా అద్దెకు దిగిన మామ్మ. ఒంటరిది. ఎడంకాలు ఈడుస్తూ నడుస్తుంది. నవ్వితే పళ్లు అరిగిపోతాయన్నట్టు ఉంటుంది ముఖం.

"దారికి అడ్డంగా ఉంది నీ బండి," అంది.

"ఇంకెన్నాళ్లు మామ్మగారూ, వెళ్లిపోతానుగా."

"వెళ్తావులే." సంచుల వంక ఎగాదిగా చూసి లోపలికి పోయింది.

ఇటుక పెట్టిన సైకిలు తనంతట తాను పడదు; పడితే ఎవరో తోసినట్టే. మర్నాడు తెల్లవారుతూనే ఆమె మేడమెట్ల మీద నక్కి కూర్చుంది.

అనుకున్నంతా అయింది. మామ్మ తలుపు తీసుకుని వచ్చింది. అటూ ఇటూ చూసింది. సీటు మీద చెయ్యి వేసి ఒక్క తోపు తోసింది.

దబ్బున పడింది సైకిలు.

"దొరికారు!"

మామ్మ ఉలిక్కిపడలేదు. వంగి, సంచుల్ని ఒక్కొక్కటిగా కదిపి చూసింది.

"గాలి పంపు జారింది. అదొక్కటే ఇంకా కుదరలేదు," అంది తాపీగా.

"నేనేం చేశాను మీకు? ఏమిటీ కక్ష?"

"ఇక్కడ పడితే ఏరుకోవచ్చు, పిల్లా."

చేసింది చాలక పైగా వెటకారం! ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

కేకలకు నాన్న దిగి వచ్చాడు. ఆయనకు కోపం కొంత, సిగ్గు కొంత. ఇన్నాళ్లూ తిట్టింది కూతుర్నే మరి.

"పెద్దావిడ అని ఊరుకోలేను. ఇలాంటి పనులు చేసేవాళ్లని నా ఇంట్లో ఉంచుకోను. ఖాళీ చేసెయ్యండి."

మామ్మ తలూపి లోపలికి పోయింది. సాయంత్రానికల్లా సంసారమంతా ఒకే ఒక్క సంచిలో సర్దుకుని బయటికి వచ్చింది. అది భుజాన వేసుకుని వీధిలో నడిచిపోతుంటే కాలు ఈడ్చే చప్పుడే గానీ, సంచిలో గిన్నెకు గిన్నె తగిలిన చప్పుడు లేదు. చూస్తున్న కూతురికి వింతగానే తోచింది. ఎక్కడికి పోతున్నారని మాత్రం ఎవరూ అడగలేదు.

కూతురు పంపుకి ఇంకో తాడు వేసి బిగించింది. నాన్న సరేనన్నాడు. సైకిలు కదిలింది.

కొండ తాను విన్నదానికంటే పెద్దది. సగం దారిలో పొగమంచు కమ్మేసింది. ముందు చక్రం కూడా కంటికి ఆనడం లేదు. పక్కనే లోయ. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, దిగి నడిపించింది.

దారి తిరిగే ప్రతిచోటా, అంచున సున్నం కొట్టిన రాయి ఒకటి తెల్లగా కనిపించేది. అది దాటితే ఇంకోటి. ఎవరు పెట్టారో గానీ వాళ్ల కడుపు చల్లగా ఉండాలనుకుంది.

ఒకచోట గులకరాళ్ల మీద కాలు జారి, సైకిలుతో సహా అంచుదాకా వెళ్లి పడింది. లేచి చీకట్లో వెతుక్కున్నట్టు తడిమి చూసుకుంది. సంచి ఊడలేదు. గుడారం కదల్లేదు. పంపు పెట్టినచోటే ఉంది.

ఇక్కడ పడితే ఏరుకోవచ్చు.

మామ్మ అన్న ఆ మాట ఇప్పటికి అర్థమైంది.

శిఖరం మీద చిన్న కాపలా గది. కాపలాదారు వేడినీళ్లు ఇచ్చి, సైకిలు చుట్టూ తిరిగాడు.

"పడ్డట్టున్నావు, ఒళ్లంతా మట్టి. అయినా ఏమీ ఊడలేదు! ఇంటి దగ్గర ఎవరమ్మా నీకు పడేసి చూపించింది? బయల్దేరే ముందు బండి పడేసి ఏది ఊడుతుందో చూడటం ఈ కొండ మీదివాళ్ల పద్ధతే."

"మా కింది వాటాలో ఒక మామ్మ, బాబాయ్."

"ఎడంకాలు ఈడుస్తుందా?"

"మీకు తెలుసా?"

అతను చేతిలో చెంబు కింద పెట్టేశాడు.

"సరైన దారి లేని రోజుల్లో ఈ కొండ మీదికి మొట్టమొదట సైకిలు తెచ్చింది ఆవిడే. మంచులో మలుపు కనపడక లోయలో పడింది. కాలు అప్పుడే విరిగింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఈ గదిలోనే ఉంది. ఓపిక ఉడిగి, ఈమధ్యే ఎవరికీ చెప్పకుండా దిగిపోయింది. ఎక్కడుందో తెలియక వెతుకుతున్నాం. చెప్పు తల్లీ, ఎక్కడుందిప్పుడు?"

ఆమె ముఖం తిప్పుకుని గుమ్మంలోకి నడిచింది.

బయట మంచు విడిపోతోంది. తాను ఎక్కి వచ్చిన దారి అడుగుదాకా బయటపడింది. ఎన్ని మెలికలో, అన్ని తెల్లచుక్కలు. చూపు ఆనినంత దూరం.

"ఆ రాళ్లు..." అంది మెల్లగా.

"కాలికి కట్టు విప్పిన రోజే మొదలుపెట్టింది," అన్నాడు కాపలాదారు. "ఒక్కొక్కటీ కింది వాగులోంచి ఎత్తుకుని, ఆ కాలుతోనే మోసుకొచ్చి పెట్టింది."