ట్రంకులో తెల్ల బూట్లు

"ఒక్కసారి ఊ అను ప్రభుదాసూ. మిగిలింది నేను చూసుకుంట."

డ్రిల్లు మాస్టరు వెంకట్రాములు గడపలోనే నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. మంచినీళ్లిస్తే గ్లాసు పట్టుకున్నాడే గానీ తాగలేదు. మిషన్ కాంపౌండు పక్క గ్రౌండులో అప్పుడే జనం పోగవుతున్నారు. శంకరంపేట, కౌడిపల్లి నుంచి కిరాయి లారీలెక్కి మరీ వచ్చారు. బాస్కెట్‌బాల్ నేలకు కొడుతున్న చప్పుడు ఇంట్లోకి వినిపిస్తోంది.

ఇంకాసేపట్లో వరంగల్లుతో ఫైనలు. మెదక్ టీములో సెంటర్ ప్లేయరుకు పొద్దుటి నుంచి ఒకటే జ్వరం. ఆ చోట్లో నిలబడగలిగే మనిషి ఊరు మొత్తం మీద ఈ ఇంట్లోనే ఉన్నారని మాస్టరు నమ్మకం.

"సొంత గడ్డ మీద ఓడిపోతే ముఖం ఏడ వెట్టుకోవాలె? అయిదేండ్ల కింద గీ గ్రౌండుల జనం చెట్లెక్కి చూసిన్రు. గసొంటి ఆట మల్ల నేను చూడలే."

"ఆట సంగతి సరే సార్. మరి మోకాలు?" అన్నాడు ప్రభుదాసు.

ఆనాడు మోకాలు విరిగిన చప్పుడు ఇంకా అతని చెవుల్లోనే ఉంది. చలికాలం వచ్చిందంటే ఆ మోకాలికి నూనె రాసి మర్దన చేస్తే గానీ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

"మల్ల దెబ్బ తగిల్తే జన్మంత కుంటుడే అన్నడు దవాఖానల డాక్టరు. మీరు సుత ఇన్నరు గద."

"మొత్తం ఆడమంటలే. ఆఖర్ల జరసేపు ఆడితే సాలు."

లోపలి నుంచి ప్రభుదాసు తల్లి ఎలిశిబా విసురుగా వచ్చింది.

"పిల్లలు పుట్టినంక గీ గంతులేంది సారూ? నలుగురు నవ్వరా? ఆదివారం చర్చిల మేము తలెత్తుకొని కూసోవాలె గద!"

"నవ్వేటోళ్లను నవ్వనీ అవ్వా. గెలిస్తే వాళ్లే డప్పు కొడ్తరు."

ప్రభుదాసు పని అడకత్తెరలో పోకచెక్క అయింది. తన భయం మోకాలి గురించా, నలుగురి నోళ్ల గురించా? నిజం చెప్పాలంటే అది అతనికే తెలియదు.

గోడవారన అతని భార్య దానమ్మ, చంటిదాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని చేటలో బియ్యం ఏరుతోంది. ఇంత గొడవలోనూ ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఇంటాయన మాటే ఇంటి మాట కదా మన దగ్గర!

ఏరిన రాయిని ఆమె తలెత్తకుండానే విసిరింది. అది వాకిట్లో ఆ చివరనున్న సత్తు చెంబులో ఠంగుమని పడింది.

ఆ చప్పుడుకి ప్రభుదాసు అటు చూశాడు. దానమ్మ కళ్ల నిండా నీళ్లు. మోకాలు విరిగిన రోజు కూడా ఏడవని మనిషి.

గ్రౌండులో విజిల్ మోగింది.

"టీములు దిగుతున్నయి," అన్నాడు వెంకట్రాములు.

ప్రభుదాసు చటుక్కున లోపలికి వెళ్లి ట్రంకు తెరిచాడు. బట్టల అడుగున కాన్వాసు బూట్లు. ప్రతి క్రిస్మసుకూ వాటికి తెల్ల సుద్ద పూసి, ఆరబెట్టి, మళ్లీ లోపల పెట్టేవాడు. ఎందుకురా అని తల్లి అడిగితే ట్రంకు మూత వేసేసేవాడు.

బూట్లు చూడగానే ఎలిశిబా దారికి అడ్డం నిలబడింది.

"వద్దు బిడ్డా! కాలు వోతే నీ సంసారం ఏం గావాలె?"

"ఆ బరువు నేను మోస్తనే అమ్మా. జరుగు."

తల్లిని తప్పించుకుని వచ్చి, నిద్రపోతున్న చంటిదాన్ని ఎత్తి ఎలిశిబా చేతుల్లోనే పెట్టాడు. వెంకట్రాములు చేతిలోని గ్లాసు గడప పక్కన పెట్టాడు.

ప్రభుదాసు నేల మీద గొంతుక్కూర్చుని, దానమ్మ పాదాలకు ఆ బూట్లు తొడిగి లేసులు బిగించాడు.