మూడో టేబులు రోజా గారు

దగ్గరికి జరగండమ్మా, ఇంకా దగ్గరికి. ఇది గట్టిగా చెప్పుకునే కథ కాదు.

"తీసెయ్యమంటే తీసెయ్యడమే అబ్బయ్యా! దాని మాట విననప్పుడు దాన్ని తెచ్చి పెట్టుకునింది ఎందుకు?" అని ఫోనులో అరిచాడు నరేంద్రబాబు.

నరేంద్రబాబుది కోవూరుకు తూర్పున, సముద్రపు గాలి ముక్కుకు తగిలేంత దూరంలో, రొయ్యలు ఒలిచే షెడ్డు. ఆయన 'దాని మాట' అన్నది షెడ్డును నడిపే కంప్యూటరు మాట. ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎవరి చేయి ఎంత ఒలిచింది, ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి, అన్నీ అదే చూసి అదే తేలుస్తుంది. ఆడవాళ్ళు దానికి పెద్దమ్మి అని పేరు పెట్టుకున్నారు. అంతకు ముందు టేబులు దగ్గర చోటు మనిషిది కాదు, ఇంటిది. అక్కకు జ్వరమొస్తే చెల్లెలు వచ్చి నిలబడేది. పెద్దమ్మి వచ్చాక ఎవరి కార్డు వాళ్ళదే అన్నారు. పొద్దున్నే టేబులు మీది ట్యాబుకు కార్డు ఆనిస్తే, "పుష్పకుమారి గారూ, నమస్కారం" అని తియ్యగా పలుకుతుంది. పుట్టి బుద్ధెరిగాక వాళ్ళను గారు అన్నది అదొక్కటే. మొదటి వారమంతా ఆ మాటకే పడి పడి నవ్వారు.

ఆ ఫోను ఎత్తిన అశోక్‌ది పెద్దమ్మి చెప్పింది చేసే ఉద్యోగం. కొడవలూరులో వరి పండించే ఇంటి పిల్లవాడు. షెడ్డుకు వచ్చి నెలే అయింది. ఎవరి పొట్టా కొట్టి ఎరగడు. ఆ పొద్దు తెర మీద ఇట్లా ఉంది: "మూడో టేబులు. రోజా. వయసు ఇరవై నాలుగు. డిసెంబరులో గంటకు ఐదు కిలోలు. జనవరిలో పదకొండు రోజులు రాలేదు. ఇప్పుడు గంటకు రెండు. తొలగించవచ్చు."

అశోక్ మేడ మీది గదిలో నుంచి కిందికి దిగి, ఆడవాళ్ళ మీద సూపర్‌వైజరుగా ఉన్న రేవతిని పక్కకు పిలిచాడు.

"ఏంది రేవతక్కా, వయసులో ఉండే పిల్ల. చేతులు ఇట్లా పడిపోయినాయేంది?"

రేవతి అతని మొహం చూడలేదు. "జనవరిలో, మంచులో, మనోళ్ళ ఆటో కాలవ కట్ట మీద తిరగబడింది సార్. మీరప్పుడు లేరు. ఆరింటి షిఫ్టును ఏడుకు మార్చింది దాని తర్వాతే."

"అయితే?"

"ఆ ఆటోలో రోజా ఉండింది."

"దెబ్బలు బాగా తగిలినాయా?"

"తగిలినాయి సార్."

"అయ్యో! ముందే చెప్పుంటే పెద్దమ్మికి ఎక్కించుందును గదక్కా!"

"ఎక్కిస్తే కార్డు ఉంచుతుందా సార్?"

ఉంచదని అశోక్‌కూ తెలుసు.

మూడో టేబులు వైపు నడిచాడు. అతను చూస్తుండగానే పక్కనున్న పుష్పకుమారి తన ట్రేలో నుంచి గుప్పెడు ఒలిచిన రొయ్యలు తీసి మూడో టేబులు ట్రేలో వేసింది.

"ఏం పుష్పకుమారీ, నీ చేయి దారి తప్పిందా?"

"ఐసుకు తిమ్మిరెక్కింది సార్. యాడికి పోతుందో తెలియడంలా."

"రోజూ ఆ ఒక్క వైపుకే పోతుందే!"

"అటే పల్లం సార్."

మూడో టేబులు మనిషి తలెత్తలేదు. తలకు టోపీ, మూతికి మాస్కు, మోకాళ్ళ దాకా ఏప్రాను, చేతులకు తొడుగులు. ఆ షెడ్డులో కళ్ళు తప్ప ఎవరిదీ ఏదీ కనపడదు. ఆ కళ్ళు కూడా రొయ్యల మీదే ఉన్నాయి.

"అమ్మా రోజా," అన్నాడు అశోక్ మెల్లగా, "ఈ ఏప్రాన్లు ఉతికే గదికి మారుస్తాను. అక్కడ ఐసు ఉండదు. జీతం ఇంతే. కార్డుతో పనిలేదు, పేరు కాగితం మీద రాసుకుంటారు."

"వద్దు సార్." మాస్కు చాటు నుంచి మాట సన్నగా వచ్చింది.

"ఎందుకని?"

"ఆడ పిలవదు గదా."

"ఎవరు?"

తొడుగు వేసిన వేలు ట్యాబు వైపు చూపింది. "అదే సార్. రోజా గారూ అని."

అశోక్‌కు నవ్వొచ్చింది. "గారు అనిపించుకునేదానికి చేతులు పాడు చేసుకుంటావా? నేనే అంటాలే రోజూ, రోజా గారూ అని!"

ఎవరూ నవ్వలేదు. అన్ని టేబుళ్ళ దగ్గరా చేతులు ఆగాయి.

సాయంత్రం నరేంద్రబాబు మళ్ళీ ఫోను చేశాడు. ఉతికే గదిలో చోటు చూశాను గదా, ఆ పిల్లకు మంచే చేస్తున్నాను అనుకుని, అశోక్ కళ్ళు మూసుకుని తొలగించే బొత్తాం నొక్కాడు.

మర్నాడు ఏడింటికి మూడో టేబులు దగ్గర కార్డు ఆనింది.

"ఈ పేరుతో ఎవరూ లేరు," అంది పెద్దమ్మి, ఎప్పటిలాగే తియ్యగా.

మళ్ళీ ఆనించింది.

"ఈ పేరుతో ఎవరూ లేరు."

అశోక్ మెట్లు రెండేసి దిగి వచ్చాడు. "ఉతికే గదిలో నీ పేరు రాయించినానమ్మా, భయపడబాక!"

"పని వద్దులే సార్. ఒక్కసారి పిలవమనండి. విని పోతాను."

అతను ట్యాబు మీద అక్కడా ఇక్కడా నొక్కి చూశాడు. తీసేసిన పేరు తిరిగి రాలేదు. ఏం చెయ్యాలో తోచక, నిన్న తానన్న మాట గుర్తొచ్చి, "రోజా గారూ," అన్నాడు.

ఆమె మాస్కు తీసింది. టోపీ తీసింది. అశోక్ ఆ మొహం చూసి, ట్యాబు మీద నుంచి చేయి తీసేశాడు. టోపీ తీయడంలో కింద పడిన కార్డును రేవతి తీసి, తన కొంగుతో తుడిచి, ఆమె చేతిలో పెట్టింది.

ఇదమ్మా సంగతి. మనసులో పెట్టుకోండి, మీ పిల్లలకూ చెప్పండి. చెప్పేటప్పుడు ఆ పేరు మాత్రం గారు చేర్చే చెప్పండి, అట్లా పిలిచేవాళ్ళు ఇంకెవరూ లేరు.

రోజా ఆ జనవరి ఆటోలోనే పోయింది; కార్డు ఆనించింది వాళ్ళమ్మ.