పూడిన గీత

"చూపెట్టు బిడ్డా, అందరికీ చూపెట్టు!" అన్నాడు తుకారాం సేఠ్, రబ్బరు తొడుగుల చేతులు ఊపుతూ.

ఫోరస్ రోడ్డు పక్క గల్లీలో సేఠ్‌ది ఒక ఖోలీ, ఒంటి గది. దాని నిండా బాత్రూములు కడిగే మందు పీపాలు. ఆ మందును వట్టి చేతులతో సీసాల్లో నింపీ నింపీ సాయిలు వేళ్ళ సందుల్లో పుండ్లు పడ్డాయి. అన్నం కలుపుకోలేక పెళ్ళాం చేత తినిపించుకుంటున్నాడు. "నీదే పాపిష్టి తోలు. నా మందును బద్నాం చేస్తవా?" అని సేఠ్ పనిలోంచి తీసేశాడు. అప్పటినుంచీ సాయిలుకు ఒకటే కోరిక. సేఠ్ చేతులు కూడా ఇలాగే కావాలి. అది తను కళ్ళారా చూడాలి.

కూతురు హారిక పరేల్‌లో ఒక ల్యాబులో పనిచేస్తుంది. అక్కడి మేడమ్‌ను బతిమాలి సేఠ్ మందును పరీక్షకు పెట్టింది. ఇవాళ ఫలితం చెబుతానంటే, సేఠ్ పరువు పోవడం చూద్దామని సాయిలు కట్లు కట్టిన చేతులతోనే వెంట వచ్చాడు. సరుకు కొనే నిలేష్ కూడా అక్కడే ఉన్నాడు.

హారిక ఫోన్‌లో ఫోటో చూపింది.

"ఇవి మనిషి చర్మం కణాలు సేఠ్. గిన్నెల చాప పరిచినట్టు పెంచుతం. నడుమ సన్నగ గీత గీస్తం, గాయం లెక్క. అందుల మందు ఏస్తం. కణాలు మంచిగుంటే రెండు దిక్కులకెళ్ళి నడుసుకుంట వచ్చి గీతను పూడుస్తయి. పాడైతే ఆడ్నే ఆగిపోతయి."

"మరేమైంది?"

ఆమె ఇంకో ఫోటో జరిపింది. గీత జాడే లేదు.

"పూడింది."

సేఠ్ తొడ చరిచాడు. "విన్నవా సాయిలూ? నీ బిడ్డ నోటెంటనే వచ్చింది!"

సాయిలు కూతురి వైపు తిరిగాడు. "నిజమేనా హారికా?"

"ఫోటో అబద్ధం చెప్తదా నాయినా?" ఆమె తల ఎత్తలేదు. సేఠ్ వైపు తిరిగి మెల్లగా అడిగింది. "గింత మంచి మందైతే మీకు గా తొడుగులెందుకు సేఠ్?"

నిలేష్ కిసుక్కున నవ్వాడు.

సేఠ్ మొహం ఎర్రబడింది. తొడుగులు పీకి అవతల పారేసి, పీపాలో మణికట్ల దాకా చేతులు ముంచాడు. "చూడు భాయ్, ఎంత సల్లగుందో! గంగల మునిగినట్టుంది."

సాయిలుకు కూడా మొదట్లో చల్లగానే ఉండేది. మంట పొద్దుగూకాక మొదలయ్యేది.

"ఇంకొంచెంసేపు ఉంచుండ్రి సేఠ్," అంది హారిక. "నిలేష్ భాయ్ వీడియో తీస్కుంటడు."

సేఠ్ ఉంచాడు. నవ్వుతూ, మందును కలియబెడుతూ ఉంచాడు.

కన్నబిడ్డ శత్రువుకు కొమ్ము కాస్తుంటే సాయిలు చూడలేకపోయాడు. గిర్రున తిరిగి బయటపడ్డాడు. బయట మెట్ల మీద హారిక పరుగున వచ్చి అందుకుంది.

"పో అవతలికి! పుండు మీద కారం చల్లినవ్. నాకు బిడ్డ లేదనుకుంట."

ఆమె తండ్రి కట్ల చేతిని పువ్వులా రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నేను చూపెట్టింది మందు వెయ్యని గిన్నె, నాయినా."