గుహలో మూడో దారి

"కొట్టాల్నా, ఉరకాల్నా? జర జల్ది చెప్పు పెద్దమ్మా!" కీబోర్డు మీద వేళ్లు పెట్టి అడిగింది రుబీనా.

టీవీలో వచ్చే అంతరిక్ష సీరియల్‌ను ఆమె కంప్యూటర్ ఆటగా మార్చింది. ఇంకో గంటలో కాలేజీ సార్లకు చూపించాలి. ల్యాబు ఊడ్చే ఎస్తేరమ్మ ఆ సీరియల్‌ను ఒక్క వారమూ వదల్లేదు. అందుకే ముందు ఆమెతో ఆడిస్తోంది.

తెర మీద, అంతరిక్ష ఓడ దిగగానే ఎదురయ్యే గుహ. దారికి అడ్డంగా రాక్షసి.

"సీరియల్ల కెప్టెనమ్మ కొట్టింది గద?"

"ఆటల నువ్వే కెప్టెన్‌వి."

"నేనా!" ఎస్తేరమ్మ కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. "నేనైతే ఎందుకు కొడ్త? ఒక్కతే ఉంది పాపం. బువ్వ తిన్నవా అని అడుగుత."

రుబీనా పకపకా నవ్వింది. ఆటలో ఆ మాటకు జవాబే లేదు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. తను సీరియల్‌ను మక్కికి మక్కి దించింది గానీ, ఆడే మనిషికి చోటే ఉంచలేదు.

గబగబా పది వరుసల కోడ్ రాసి, 'బువ్వ తిన్నవా' అనే మూడో దారి చేర్చి, మళ్లీ ఆడించింది. రాక్షసి పక్కకు జరిగింది.

"ఓయమ్మో, నా మాట ఇన్నది!" ఎస్తేరమ్మ చప్పట్లు కొట్టింది. "దీన్ని గూడ తోల్కపోదాం బిడ్డా. మన ఓడల జాగ ఉందా?"

"ఆగు పెద్దమ్మా, చేస్తున్న!"